"నువ్వే చెయ్యమ్మా" అనే పిల్ల చేత ఏం చేయించాలి?

మీరు రాసింది ఇదీ: పాపకి నాలుగున్నరేళ్లు. రోజూ సాయంత్రం మీరు వీడియోలు చూసి ఏదో ఒక యాక్టివిటీ సిద్ధం చేస్తున్నారు. గంటసేపు మీరు కత్తిరించి, రంగులు కలిపి, అన్నీ అమర్చి పెడితే పాప అయిదు నిమిషాల్లో లేచిపోతోంది. బతిమాలి కూర్చోబెడితే "నువ్వే చెయ్యమ్మా" అంటోంది. బడి నుంచేమో అందరి పిల్లలవీ ఒకే అచ్చులో పోసినట్టుండే కాగితం చేపలు వస్తున్నాయి. "మా పాపకి క్రియేటివిటీ లేదా? నేనేమైనా తప్పు చేస్తున్నానా?" అని అడిగారు.

మొదటి ప్రశ్నకి జవాబు ఒక్క ముక్కలో చెప్పేస్తాను: ఉంది. రెండో ప్రశ్న గురించే కాస్త కూర్చుని మాట్లాడుకోవాలి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతో 22 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మీరు ఇంట్లో చేస్తున్నదాన్నే నేను మొదటి నాలుగేళ్లూ జీతం తీసుకుని మరీ చేశాను.

"నువ్వే చెయ్యమ్మా" అన్న మాటని బద్ధకం కింద జమకట్టకండి. ఆ పని ఎవరిదో పాప పసిగట్టేసింది, అంతే. ఏం చెయ్యాలో మీరు నిర్ణయించారు. చివరికి ఎలా ఉండాలో వీడియో నిర్ణయించింది. చిక్కైన ముక్కలన్నీ మీరే కత్తిరించి పెట్టారు. ఆలోచించాల్సిందంతా అయిపోయాక మిగిలిన జిగురు పూసే కూలిపని పాప వంతుకొచ్చింది. అయిదు నిమిషాలైనా కూర్చుందంటే అది మీ మీద ప్రేమ.

నా కథ చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రతి శుక్రవారం ఒక "వస్తువు" ఇంటికి పంపాలని నియమం. ఒక వారం సీతాకోకచిలుక. ముందురోజు రాత్రి కూర్చుని 24 జతల రెక్కలు కత్తిరించాను. మర్నాడు ఒక బాబు రెక్కలు రెండూ ఒకే పక్కన, ఒకదాని మీద ఒకటి అతికించాడు. అలా కాదు నాన్నా అని జిగురు ఆరకముందే పీకి, సరిచేసి, మళ్లీ అతికించాను. గోడ నిండా 24 సీతాకోకచిలుకలు, చూసిన తల్లిదండ్రులంతా మెచ్చుకున్నారు. ఆ తర్వాత చాలా రోజులు ఆ బాబు ఏం అతికించబోయినా ముందు కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చి "ఇక్కడేనా టీచర్?" అని అడిగేవాడు. మొదట్లో ఎంత బుద్ధిమంతుడో అనుకున్నాను. వాడు అలా ఎందుకు అడుగుతున్నాడో అర్థమవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఒక పక్కకి తిరిగి వాలిన సీతాకోకచిలుకకి రెక్కలు రెండూ ఒకే పక్కన కనిపిస్తాయని, బహుశా వాడు నాకంటే బాగా చూశాడని, ఇంకా ఆలస్యంగా తట్టింది.

ఈ వయసు పిల్లలకి ఏ యాక్టివిటీ ఇచ్చామన్నది నా దృష్టిలో చిన్న విషయం. అందులో చిక్కుముడి ఎవరి చేతిలో ఉందన్నదే అసలు విషయం. ముడి మీ చేతిలో ఉంటే కుతూహలం కూడా మీదే. పిల్ల చేతిలో పెడితే తను దాన్ని వదలదు, మీరు భోజనానికి పిలిచినా లేవదు.

అలా ముడి పిల్లవాడి చేతిలో పడినప్పుడు ఎలా ఉంటుందో నేను చూసిన ఒక సంగతి. నాలుగేళ్ల బాబు, మాటలు తక్కువ. నీళ్ల తొట్టి దగ్గర రెండు సీసాలు, ఒక గరాటు, మీటరు పొడవున్న పారదర్శకమైన గొట్టం పెట్టాను. ఏం చెయ్యాలో చెప్పలేదు. గొట్టం ఒక చివర గరాటు దూర్చాడు, రెండో చివర సీసాలో పెట్టి ఆ సీసాని తల మీదకి ఎత్తి పట్టుకున్నాడు. పక్కనున్న పిల్ల గరాటులో నీళ్లు పోసింది. నీళ్లు గొట్టంలో కొంతదూరం పైకెక్కి ఆగిపోయాయి. ఇంకా పోయమన్నాడు. గరాటు పొంగి చొక్కా తడిసింది తప్ప సీసాలోకి చుక్క రాలేదు. గొట్టం ఊపాడు, నోటితో ఊదాడు. "సీసా కిందికి దించరా" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఆ అలవాటు నాకు ఇప్పటికీ ఉంది, నోరు అదుపులో పెట్టుకోవడానికి చేతులు కట్టుకోవడం పనిచేస్తుంది. కాసేపటికి చెయ్యి నొప్పిపుట్టి సీసా దానంతటదే కిందికి దిగింది. బుడబుడమంటూ నీళ్లు వచ్చేశాయి. వాడు సీసాలోకి చూడలేదు, తన చేతికేసి చూసుకున్నాడు. మళ్లీ ఎత్తాడు, ఆగాయి. దించాడు, వచ్చాయి. ఆ రోజు మిగిలిన సమయమంతా ఎత్తడం, దించడం.

మూడో రోజు ఆ పిల్లకి వివరిస్తున్నాడు: "ఇది పైకుంటే నీళ్లకి రావడం ఇష్టం లేదు." నీళ్లకి ఇష్టాయిష్టాలు ఉండవని నేను దిద్దలేదు. "ఎంత పైకుంటే ఇష్టం ఉండదు?" అని మాత్రం అడిగి పక్కకి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి గోడ మీద రంగు టేపు ముక్క అంటించి ఉంది. దానికి కింద ఉంటే వస్తాయట, పైన ఉంటే రావట. ఆ టేపు గరాటులో నీళ్లు నిలిచిన ఎత్తుకి ఇంచుమించు సమానంగా ఉంది. గరాటుని స్టూలు మీద పెడితే టేపు కూడా పైకి జరపాలని ఆ పై వారం కనిపెట్టాడు. నీటిమట్టం అన్న మాట వాడికి తెలియదు. తెలియాల్సిన అవసరం అప్పటికి లేదు కూడా.

ఇందులో నేను చేసింది మూడే పనులు: వస్తువులు ఎంచి పెట్టడం, రోజుల తరబడి వాటిని తీసెయ్యకుండా ఉంచడం, ఒక్క ప్రశ్న అడగడం. మీరు ఇంట్లో చెయ్యాల్సిందీ దాదాపు ఇంతే, కానీ ఈ మూడింట్లో ప్రతిదాన్లోనూ కాలుజారే చోటు ఒకటుంది.

వస్తువుల సంగతి ముందు. ఒకే రకంగా వాడగలిగే బొమ్మ రెండు రోజుల్లో పాతబడుతుంది. మీట నొక్కితే పాడే బొమ్మలో ఆడేది బొమ్మే, పిల్ల ప్రేక్షకురాలు. సైమన్ నికల్సన్ అనే బ్రిటిష్ కళాకారుడు 1971లో రాసిన ఒక వ్యాసంలో ఒక సంగతి చెప్పాడు: ఒక చోట కదపడానికి, కలపడానికి, మార్చడానికి వీలున్న విడి వస్తువులు ఎన్ని ఎక్కువుంటే అక్కడ కొత్తది కనిపెట్టే అవకాశం అంత ఎక్కువని. అట్టపెట్టెలు, గొట్టాలు, మూతలు, బట్టల క్లిప్పులు, తాడు, గుడ్డముక్కలు, నున్నటి రాళ్లు, బంకమట్టి, టార్చిలైటు. వీటిని కొనాల్సిన పని పెద్దగా లేదు. ఒకటి కొనగలిగితే మాత్రం చెక్కదిమ్మలు కొనమంటాను, అదీ కొలత ప్రకారం చేసినవి. న్యూయార్క్‌లో కరొలిన్ ప్రాట్ అనే టీచరు రూపొందించిన దిమ్మెల్లో పొడవు, వెడల్పు, మందం 4:2:1 నిష్పత్తిలో ఉంటాయి. అందుకే రెండు చిన్నవి కలిపితే సరిగ్గా ఒక పెద్దదవుతుంది. వంతెన కడుతూ పెద్ద దిమ్మ చాలనప్పుడు రెండు చిన్నవి పెట్టి సర్దుకున్న పిల్ల, భిన్నాల్ని చేత్తో పట్టుకున్నట్టే.

అన్నీ ఒకేసారి గుమ్మరించకండి. ఇరవై రకాలు ముందుంటే పిల్లలు కెలికి వదిలేస్తారు. మూడు నాలుగు రకాలు, ప్రతిదీ కావలసినన్ని. ఆరు మూతలు ఇస్తే దాచుకుంటారు, అరవై ఇస్తే వరసలు పేరుస్తారు.

ఎక్కడ పెట్టామన్నదీ లెక్కలోకి వస్తుంది. 1907లో రోమ్‌లో మరియా మాంటిస్సోరి తన మొదటి బడి తెరిచినప్పుడు సామగ్రిని బీరువాలో పెట్టి తాళం వేసేవారు, టీచరే తీసి పంచేది. ఒకరోజు టీచరు ఆలస్యంగా వచ్చేసరికి, ముందురోజు తాళం వెయ్యడం మర్చిపోయిన బీరువా లోంచి పిల్లలు ఎవరికి కావలసినవి వాళ్లు తీసుకుని పనిలో పడ్డారు. టీచరుకి అది దొంగతనంలా కనిపించింది. మాంటిస్సోరికి మాత్రం పిల్లలకి తమకేం కావాలో తెలుసనిపించింది. పిల్లల చేతికందే పొట్టి అరలు ఆమె బడుల్లోకి అలా వచ్చాయి. మీ ఇంట్లో యాక్టివిటీ సామాను ఎత్తైన అలమరలో ఉందా? ఒక అర కిందికి దించండి చాలు.

ఇక సమయం. పిల్లలు మొదటి పది, పదిహేను నిమిషాలు పనికిరానట్టు కనిపించే పనులే చేస్తారు. తడుముతారు, పడేస్తారు, "బోర్ కొడుతోంది" అంటారు. సరిగ్గా అప్పుడే మనం చొరబడి "ఇదిగో ఇలా చేద్దామా" అంటాం. ఆగండి. కనీసం ముప్పావుగంట ఖాళీ ఉన్న రోజే మొదలుపెట్టండి. పదిహేను నిమిషాలే ఉంటే అసలు తియ్యకండి, కథ చెప్పండి. సగంలో ఆగిన కట్టడాన్ని రాత్రికి కూల్చెయ్యకుండా ఒక మూల వదిలెయ్యండి. నిన్నటి పని ఈ రోజు కళ్లముందుంటే, ఆపిన చోటు నుంచే ఆలోచన మొదలవుతుంది. రోజుకో కొత్త యాక్టివిటీ పద్ధతిలో పోయేది ఇదే. పిల్ల ప్రతిరోజూ ఒకటో మెట్టు మీదే ఉంటుంది.

అన్నిటికంటే కష్టమైనది మన నోరు. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల మీద జరిపిన ఒక ప్రయోగం 2011లో ప్రచురితమైంది. నాలుగు రకాల విశేషాలు దాచిన బొమ్మ ఒకటి తయారుచేశారు: ఒకచోట లాగితే కూత, ఇంకోచోట వెలుగు, మరోచోట పాట, ఒక గొట్టంలో అద్దం. కొందరు పిల్లలకి "ఈ బొమ్మ ఎలా పనిచేస్తుందో చూపిస్తా" అని కూతని నేర్పించారు. ఇంకొందరి ముందు అదే కూత పొరపాటున వచ్చినట్టు నటించారు. నేర్పించిన పిల్లలు కూతతోనే కాసేపు ఆడి వదిలేశారు. నేర్పించనివాళ్లు ఎక్కువసేపు ఆడి, మిగిలిన విశేషాలు ఎక్కువ కనిపెట్టారు. నేర్పించిన పిల్లల తర్కంలో తప్పేం లేదు: తెలిసిన పెద్దమనిషి ఒక్కటే చూపించాడంటే ఇంకేం లేదనే కదా.

దీన్ని పట్టుకుని "ఏమీ నేర్పకూడదు" అనేవాళ్లూ ఉన్నారు. నాకు ఆ వాదం నచ్చదు. కత్తెర ఎలా పట్టుకోవాలో, బ్రష్‌ని గిన్నె అంచుకి ఒత్తి ఎక్కువైన రంగు ఎలా కార్చెయ్యాలో, మట్టిముద్దలు రెండు కలవాలంటే అంచులు గీరి తడిచేసి అతకాలని, ఇవన్నీ నేర్పి తీరాలి. అతకడం తెలియని పిల్ల చేసిన ఏనుగు కాళ్లు ఆరాక ఊడిపోతాయి, అది చూసి ఏడుస్తుంది. అందులో సృజనేం లేదు. పనిముట్టు నేర్పండి, ఏం చెయ్యాలో మాత్రం నేర్పకండి. నేను గీసుకున్న గీత ఇదే.

పిల్లి బొమ్మ గీసిపెట్టమని అడిగితే? మీ పాప అడిగే ఉంటుంది. వాళ్ల కాగితం మీద మనం గీత గియ్యకూడదని నా నియమం, చుక్క కూడా. మీరు ఒక్కసారి చక్కగా గీస్తే తన గీత తనకే వంకరగా కనిపించడం మొదలవుతుంది. "పిల్లి ఏం చేస్తోంది? పడుకుందా, దూకుతోందా?" అని అడగండి. "దూకుతోంది" అంటే "దూకేటప్పుడు కాళ్లెక్కడుంటాయి? ఏదీ, నువ్వు దూకి చూపించు" అనండి. తను నేలమీద చతికిలబడి చేతులు ముందుకి చాస్తుంది. అప్పుడు కాగితం మీదకి రానివ్వండి. నాలుగు గీతలు, ఒక గుండ్రం వస్తే చాలు, ఆ కాళ్లు దూకుతున్న కాళ్లే అయుంటాయి.

ప్రశ్నలు అడిగేటప్పుడు "ఎందుకు" తగ్గించండి. పెద్దవాళ్లు అడిగిన "ఎందుకు" పిల్లలకి పరీక్షలాగో, నేరం మోపినట్టో వినిపిస్తుంది. "ఇంకోటి పెడితే ఏమవుతుంది?", "పడకుండా ఎలా నిలబెట్టావు, చూపించు" ఇలాంటివి చేతిని మళ్లీ పనిలోకి పంపుతాయి. అడిగాక ఆగాలి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు తరగతి గదుల టేపులు వింటే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను కూడా సరిగా ఆగడం లేదని తేలింది. దాన్ని 3 సెకన్లు చేసేసరికి పిల్లల జవాబులు పొడవయ్యాయి, మాట్లాడనివాళ్లు నోరు విప్పారు. మూడు సెకన్లు ఎంత పొడుగో ఈ రాత్రి లెక్కపెట్టి చూడండి.

తను మిమ్మల్ని "ఎందుకు" అని అడిగితే ప్రతిసారీ "నీకేమనిపిస్తోంది?" అని తిప్పికొట్టడం ఈ మధ్య ఫ్యాషనైంది. రోజుకొకసారైతే బాగుంటుంది. పదిసార్లూ అలాగే అంటే అడిగేవాళ్లకి ఒళ్లు మండుతుంది. తెలిస్తే చెప్పండి, చేసి చూడగలిగిందైతే "చూద్దాం పద" అనండి. నీడ ఎందుకు పెద్దదైందంటే టార్చి చేతికివ్వండి. బొమ్మని టార్చికి దగ్గరగా జరిపితే గోడమీద నీడ పెరుగుతుందని తనే చెప్తుంది.

మెచ్చుకోలు గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. 1973లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన ఒక నర్సరీ బడిలో, బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న పిల్లల్ని ఎంచి, కొందరికి "గీస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, బహుమతి ఆశ చూపిన పిల్లలు తమంతట తాము గీసే సమయం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. ఇష్టంతో చేసే పనికి కూలి కడితే అది కూలిపనే అవుతుంది. ఫ్రిజ్ మీద స్టిక్కర్ల చార్టు ఉంటే తీసెయ్యండి. "వావ్, సూపర్" బదులు కళ్లకి కనిపించింది చెప్పండి: "ఈ మూల అంతా నీలం నింపావు, ఇక్కడ మాత్రం తెల్లగా వదిలావు." ఎందుకు వదిలిందో తను చెప్తుంది. చెప్పకపోయినా, మీరు నిజంగా చూశారని తెలుస్తుంది.

చిందరవందర గురించి: భయం సహజం. నేను రెండే హద్దులు పెడతాను. నీళ్లు తొట్టి దాటకూడదు, మట్టి దుప్పటి దాటకూడదు. దాటితే అరవను, ఆ పూటకి పని ముగుస్తుంది. సర్దడం కూడా ఆటలో భాగమే. అరలో ఒక్కో దిమ్మ ఆకారాన్ని కాగితం మీద గీసి అంటిస్తే, నాలుగేళ్ల పిల్ల తనే ఎక్కడిదక్కడ పెట్టేస్తుంది.

జాగ్రత్తలు క్లుప్తంగా, కానీ వీటిలో రాజీ వద్దు. ఇంట్లో మూడేళ్లలోపు బిడ్డ ఉంటే చిన్న వస్తువులు అస్సలు వద్దు. బొమ్మల భద్రత పరీక్షకి వాడే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అందులో పట్టేది ఏదైనా గొంతులో అడ్డుపడగలదనే లెక్క. గింజలు, పూసలు ముక్కులో, చెవిలో పెట్టుకోవడం మా బడిలో మాకు ఏటా ఉండేదే. బటన్ బ్యాటరీలు, చిన్న గట్టి అయస్కాంతాలు మింగితే ప్రాణాల మీదకొస్తుంది, అవి ఏ వయసు పిల్లల పెట్టెలోనూ ఉండకూడదు. నీళ్లతో ఆడేటప్పుడు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండండి, జానెడు లోతు కూడా ప్రమాదమే. ఆట అయ్యాక తొట్టి ఒంపెయ్యండి.

బడి చేపల సంగతి. టీచరుని తప్పుపట్టకండి. ఇంటికి ఏదో ఒకటి పంపకపోతే "రోజంతా ఏం చేయించారు?" అని అడిగేది మనమే. నేను సీతాకోకచిలుకలు చేసింది ఆ భయంతోనే. ఈసారి కలిసినప్పుడు "ఇంటికేమీ పంపకపోయినా మాకు ఫర్వాలేదండీ, పాప దేనితో ఎక్కువసేపు ఆడిందో చెప్తే చాలు" అనండి. ఒక తల్లి నోట ఆ మాట వింటే ఏ టీచరుకైనా గుండెమీద బరువు దిగుతుంది. నలుగురు తల్లులు అంటే శుక్రవారం చేపలు ఆగినా ఆగుతాయి.

ఒక్క సందర్భంలో మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. పిల్ల మీ యాక్టివిటీలతోనే కాదు, దేనితోనూ ఆడకపోతే, పిలిస్తే తిరగకపోతే, వచ్చిన మాటలు పోతుంటే పిల్లల డాక్టరుకి చూపించండి. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ నాకు కనిపించలేదు. "నువ్వే చెయ్యమ్మా" అనగలిగిన పిల్లకి తనకేం వద్దో స్పష్టంగా తెలుసు.

రేపటికి ఒక అట్టపెట్టె, టేపు, తాడు, గుప్పెడు క్లిప్పులు నేలమీద పెట్టండి. పక్కనే మీ పని ఏదైనా పెట్టుకుని కూర్చోండి, బట్టలు మడతపెట్టడం లాంటిది, చేతులు ఖాళీగా ఉంటే సాయానికి వెళ్లిపోతాయి. "ఏం చెయ్యాలమ్మా?" అంటే "నాకూ తెలీదు, ఆ పెట్టెకి తలుపుందేమో చూడు" అనండి. "నువ్వే చెయ్యి" అంటే "టేపు నేను పట్టుకుంటా, ఎక్కడ అంటించాలో నువ్వు చెప్పు" అనండి. మూడు రోజులు ఏమీ జరగకపోవచ్చు, అదే పెట్టెని అక్కడే ఉంచండి. ఫోన్ మాత్రం ఇంకో గదిలో పెట్టండి. వీడియో తీస్తున్నారని తెలిస్తే పెట్టెకేసి చూడాల్సిన పిల్ల మీకేసి చూస్తుంది.